గండుపిల్లి ఇంట్లో చిమ్ముతుంటే: ఆపరేషనా, బయటికి వదలడమా, లిట్టర్ మార్చడమా?

నిన్నటిదాకా బుద్ధిగా లిట్టర్, అంటే ఇసుకలాంటి పొడి, పరిచిన ట్రేలోనే మూత్రం పోసిన మగపిల్లి, ఏడెనిమిది నెలల వయసు వచ్చేసరికి సోఫా వెనక, బీరువా తలుపు మీద, చెప్పుల స్టాండు పక్కన చిమ్మడం మొదలుపెడుతుంది. ఇల్లంతా వాసన. ఎక్కడైనా వదిలేసి రమ్మంటారు పెద్దవాళ్లు, ఒప్పుకోరు పిల్లలు. ఏం చెయ్యాలని నన్ను చాలామంది అడుగుతున్నారు.

ముందు అది ఎలా పోస్తోందో చూడండి. నిలబడి, తోక నిటారుగా ఎత్తి, కొస వణికిస్తూ గోడకో తలుపుకో కొంచెంగా చిమ్మితే, ఈ చోటు నాదని గుర్తు వేస్తోందన్నమాట. అలా కాక పరుపు మీదో నేల మీదో వంగి కూర్చుని మడుగు చేస్తే అది వేరే సంగతి. అప్పుడు ట్రేతోనో ఒంట్లోనో ఇబ్బంది ఉంది.

చిమ్మే మగపిల్లికి నా ఓటు ఆపరేషన్‌కే, అంటే వృషణాలు తీయించడానికే. చేయించాక పదింట తొమ్మిది పిల్లులు చిమ్మడం మానేస్తాయి, లేదా బాగా తగ్గిస్తాయి. గండుపిల్లి మూత్రానికి ఆ ఘాటు ఫెలినైన్ అనే పదార్థం వల్ల వస్తుంది. అది మగ హార్మోను మీద ఆధారపడి తయారవుతుంది కాబట్టి వాసన కూడా పలచబడుతుంది. హార్మోను ఒంట్లోంచి పోవడానికి కొన్ని వారాలు పడుతుంది, మర్నాడే మార్పు కోసం చూడకండి. అసలు చిమ్మడం అలవాటు కాకముందే, ఐదారు నెలల వయసులో చేయిస్తే ఇంకా మేలు. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లో అడిగి చూడవచ్చు.

"మూగజీవానికి ఎందుకమ్మా ఆ శిక్ష" అని బామ్మలు బాధపడతారు. ఆ బాధలో ప్రేమ ఉంది, కాదనను. కానీ మగపిల్లికి ఇది చిన్న ఆపరేషన్, మామూలుగా ఆ రోజే ఇంటికి తెచ్చుకోవచ్చు. చేయించకపోతే ఆడపిల్లి అరుపు వినిపించిన రాత్రల్లా తలుపు గీరుతూ అది పడే యాతన ఎక్కువ. తర్వాత ఒళ్లు వస్తుంది కనుక తిండి కొంచెం తగ్గించాలి, అంతే.

బయటికి వదిలితే ఇల్లు శుభ్రంగా ఉంటుందన్న మాట నిజమే, కొన్నాళ్లు. కాని వీధి గండుపిల్లులతో కొట్లాడి గాయాలతో వస్తుంది. పిల్లులకు ఎయిడ్స్ లాంటి జబ్బు తెచ్చే ఎఫ్ఐవీ వైరస్ ముఖ్యంగా ఆ కాట్ల ద్వారానే అంటుతుంది. కుక్కలు, బండ్లు, రేబిస్ సరేసరి. పసిపిల్లలున్న ఇంట్లో అలా తిరిగొచ్చే పిల్లిని ఒళ్లో కూర్చోబెట్టుకోవడం నాకు నచ్చదు.

లిట్టర్ మార్చడం మడుగు చేసే పిల్లికి పనికొస్తుంది, చిమ్మేదానికి పెద్దగా కాదు. ఇంట్లో ఎన్ని పిల్లులుంటే అంతకంటే ఒక ట్రే ఎక్కువ పెట్టండి, రోజూ ఎత్తెయ్యండి, వాసన లేని రకం కొనండి.

ఏ దారి పట్టినా, మరక మీద ఫినాయిల్ పొయ్యకండి. ఫినాల్ కలిసిన ద్రావణాలను పిల్లి కాలేయం సరిగా విరిచెయ్యలేదు. తడి నేల మీద నడిచి పాదాలు నాకితే విషమే. మూలల్లో కలరా ఉండలు వెయ్యడమూ అంతే ప్రమాదం. అమ్మోనియా ఉన్న క్లీనరైతే మూత్రం వాసనలాగే ఉండి, అక్కడే మళ్లీ పోసేలా చేస్తుంది. పెట్ షాపుల్లో దొరికే ఎంజైమ్ క్లీనరే వాడండి.

ఇక, మగపిల్లి మాటిమాటికీ ట్రేలోకి వెళ్లి ముక్కుతూ, అరుస్తూ, చుక్క కూడా పొయ్యకపోతే ఇవేవీ ఆలోచించకండి. మూత్రనాళం మూసుకుపోయి ఉండవచ్చు. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది. అర్ధరాత్రయినా సరే, పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.