సుబేదార్ సారు దగ్గర మావాడి ఆర్నెల్ల పరుగు

కర్నూలు బి.క్యాంపులో ఉంటాం, ఇంట్లోనే జాకెట్లు కుడతాను. మావాడికి ఆర్మీలో అగ్నివీర్‌గా చేరాలని ఒకటే పట్టు. ముందు ఒక కోచింగ్ సెంటర్లో 25 వేలు కట్టాం. గుంపులో పరిగెత్తించి ఫోటోలు తీయడమే తప్ప వీడి టైమింగ్ ఎంతో చూసినవాళ్లు లేరు. రెండు నెలలకే మానేశాడు. తర్వాత ఎవరో చెబితే ఆర్మీలో 28 ఏళ్లు చేసి సుబేదార్‌గా రిటైరైన ఈ సారు దగ్గర పరుగుకి చేర్పించాను. ఫీజు లేదు.

తొలిరోజు తోడుగా నేనూ వెళ్లాను. ఇంకా ఐదు కాలేదు, చీకటి. ఒకాయన నెత్తికి లైటు కట్టుకుని చీపురుతో ట్రాక్ ఊడుస్తున్నాడు. వాచ్‌మన్ అనుకుని, "అన్నా, సుబేదార్ సారు ఎప్పుడొస్తారు?" అని అడిగాను. "నేనేనమ్మా" అన్నారు. బూట్లు కొనలేని పిల్లలు నలుగురైదుగురు ఒట్టికాళ్లతోనే పరిగెత్తుతారు. అక్కడంతా పల్లేరుకాయలు. అందుకే వాళ్లొచ్చేలోపు ఊడ్చేస్తారు. ఆయన ఎవరికీ ఆ పని చెప్పరు. మూడో నెల నుంచి మావాడు అరగంట ముందే లేస్తుంటే ఎందుకా అనుకున్నాను, చీపురు వాడు పట్టుకున్నాడట.

సెలక్షన్‌లో 1.6 కిలోమీటర్లు ఐదున్నర నిమిషాల్లో వస్తే 60 మార్కులు, పది పులప్స్‌కి 40. తొమ్మిదడుగుల గుంత దూకాలి. ఒక్కొక్కరి టైమింగ్ సారు రోజూ లాంగ్ నోట్‌బుక్‌లో రాస్తారు. ముందొచ్చినవాళ్లు కూర్చోకూడదు, వెనక్కి పోయి చివరివాడి పక్కనే పరిగెత్తుతూ రావాలి. తొలినెల ఆ చివరివాడు మావాడే. అప్పుడు 6:50, ఇప్పుడు 5:38.

ఉద్యోగం నాలుగేళ్లే, ఆ తర్వాత నలుగురిలో ఒకరికి మించి ఉంచుకోరు, డిగ్రీ ఆపొద్దని మొదటిరోజే చెప్పేశారు. 25 వేలు తీసుకున్నవాళ్లు ఈ ముక్క చెప్పలేదు.

దసరాకి కవర్లో రెండు వేలు పెట్టి తీసుకెళ్తే ముట్టుకోలేదు. "మీవాణ్ని ఆదివారం పంపమ్మా" అన్నారు. ఫౌజీల పెన్షన్ మీద బతికే ముసలివాళ్లు, వాళ్ల భార్యలు బతికే ఉన్నామని ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి, లేకుంటే పెన్షన్ ఆగుతుంది. అరిగిపోయిన వేళ్లకి ముద్రలు పడవు, ఫోన్‌లో ముఖం చూపించాలి. ఆ సాయానికే పిలిచారు. మావాడు ఒక అవ్వ ముందు కూర్చుని "రెప్ప కొట్టవ్వా, ఇంకోసారి కొట్టవ్వా" అని పావుగంట బతిమాలాడట. పనయ్యాక ఆమె వాడి జేబు నిండా ఉడకేసిన శనక్కాయలు పోసింది. అవి తెచ్చి నా ముందు పెట్టి, వచ్చే ఆదివారం కూడా పోతానన్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

రాత పరీక్షకి మాత్రం వేరే చూసుకోవాలి, అదే ముందుంటుంది. మైదానంలో నీళ్లు, బాత్రూం లేవు. ముగ్గురు ఆడపిల్లలు వస్తున్నారు, వాళ్లకి చాలా కష్టం. పెద్దలెవరైనా పూనుకుంటే బాగుండు.

చేర్పించేవాళ్లు పిల్లల్ని 4:45 కల్లా పంపండి. బూట్లు లేకపోయినా పర్లేదు, ట్రాక్ ఊడ్చే ఉంటుంది.