మోటారు హోమ్ బాత్రూముకు పైకప్పు వెంట్: మూతా, బుట్టా, ఫ్యానా?

మోటారు హోమ్‌లో, అంటే ఇల్లులా మార్చుకున్న బండిలో, బాత్రూము కట్టించుకునేవాళ్లు నీళ్ల ట్యాంకు ఎంత ఉండాలని వారం రోజులు లెక్కలు వేస్తారు. ఆవిరి ఎటు పోవాలన్న సంగతి మాత్రం కళింగపట్నంలో ఒక రాత్రి పడుకుని లేచాక గాని తట్టదు. మాకూ అంతే. సముద్రపు గాలిలో అసలే తేమ ఎక్కువ. రాత్రి స్నానాలు చేసి తలుపు వేశాం. తెల్లారి చూస్తే ప్లైవుడ్ గోడ చేతికి తడిగా తగిలింది, తువ్వాలు ముక్కవాసన కొట్టింది.

కిటికీ ఉందిగా అంది మా ఆవిడ. ఉంది. కానీ వేడి ఆవిరి పైకప్పు కింద చేరుతుంది, కిటికీ ఏమో భుజాల ఎత్తులో ఉంది. పైగా రాత్రి లైటు వేసుకుని కిటికీ తెరిచి స్నానం చేయలేం కదా. కాబట్టి కప్పుకే కన్నం పెట్టాలి. అందులో ఏమి బిగించాలన్నదే ప్రశ్న.

అన్నిటికన్నా చవక ఉత్త మూత. పిడి తిప్పితే లేస్తుంది, కరెంటుతో పని లేదు, చెడిపోవడానికి లోపల పెద్దగా ఏమీ లేదు. సాయంత్రం గాలి వీస్తున్నంతసేపూ బాగానే పనిచేస్తుంది. గాలి స్తంభించిన రాత్రి ఆవిరి కదలదు. వాన పడితే మూయాలి, తేమ అసలు బాధ పెట్టేదే అప్పుడు. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న పలాస దగ్గరే తీరం దాటింది. తుపాను రోజుల్లో ఇక్కడ వాన నిలువుగా పడదు, అడ్డంగా కొడుతుంది. వేలెడంత సందు ఉన్నా లోపల స్నానం అయిపోతుంది.

రైసు మిల్లుల మీద, గోడౌన్ల మీద గిరగిరా తిరిగే గుండ్రని బుట్ట పెట్టిద్దామన్నాడు మా బావ. గాలికి తిరుగుతుంది, లోపలి వేడిని లాగేస్తుంది, ఖర్చు లేదని వాదన. గోడౌనుకు అది మంచిదే. బండికి మాత్రం నేను ఒప్పుకోను. జాతీయ రహదారి మీద బండి ఎనభైలో పోతుంటే బుట్ట ఎంత వేగంగా తిరుగుతుందో, బేరింగు ఎన్నాళ్లు ఆగుతుందో ఆలోచించండి. బండి ఎత్తు పెరుగుతుంది, పల్లె దారుల్లో చింతకొమ్మలు తగులుతాయి. మూసుకునే వీలు లేకపోతే దుమ్మూ ఉప్పుగాలీ రాత్రీ పగలూ లోపలికే.

వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను ఇన్వర్టరు మీద నడుపుదామన్న ఆలోచన కూడా వచ్చింది. తడి తలకు జానెడు పైన 230 వోల్టులా? వద్దు.

చివరికి తేలింది, మూతతో పాటు 12 వోల్టుల ఫ్యాను ఉన్న వెంట్. ధర ఎక్కువే. అయినా లెక్క చూడండి. మా బాత్రూము మూడడుగుల పొడవు, రెండున్నర వెడల్పు, ఆరడుగుల ఎత్తు, అంటే 45 ఘనపుటడుగులు. నిమిషానికి 50 ఘనపుటడుగులు లాగే చిన్న ఫ్యాను కూడా ఆ గాలిని నిమిషంలో మార్చేయగలదు. మూడు ఆంపియర్లు తీసుకునే పెద్ద ఫ్యానును అరగంట నడిపినా 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో ఖర్చయ్యేది ఒకటిన్నర ఆంపియర్ అవర్లే.

అయితే బయటికి పోయే గాలికి బదులు గాలి లోపలికి రావాలి. బాత్రూము తలుపు కింద అంగుళం సందు వదలకపోతే, బండిలో ఎక్కడో ఒక కిటికీ కొంచెం తెరవకపోతే, ఎంత పెద్ద ఫ్యానైనా ఊరికే గోల చేస్తుంది. ఇంకా ఘోరం ఏమిటంటే, ఫ్యాను తిరుగుతుండగా టాయిలెట్ అడుగున మలం ట్యాంకుకు మూతలా ఉండే పలక తీస్తే ట్యాంకులోని వాసనను కూడా అది పైకి లాగుతుంది. ముందు ఫ్యాను కట్టేసి, ఆ తర్వాత పలక తీసి నీళ్లు పోయాలి. ఇది మాకు ముక్కు నేర్పిన పాఠం.

కన్నం కొలత ముందుగా కొన్న వెంట్‌ను బట్టి ఉంటుంది. చాలా వాటికి 14 అంగుళాల చదరం కావాలి. కప్పు కింద అడ్డంగా పోయే కమ్మీలను కోయకూడదు, వాటి మధ్యనే చోటు వెతకాలి. కోసిన రేకు అంచుకు ప్రైమరు పూయకపోతే ఈ ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా ఉండదు. మూత మడతబందులు బండి ముందు వైపుకు ఉండాలి. మరిచిపోయి తెరిచి నడిపినా గాలి మూతను కిందికే నొక్కుతుంది. ఫ్రేము కింద బ్యూటైల్ టేపు (జిగురు రబ్బరు పట్టీ), స్క్రూల మీద కప్పుకు వాడే మెత్తటి సీలెంటు (సందులు మూసే ముద్ద) వేయాలి. డాబా కారితే వాడే గట్టిపడే ముద్ద వద్దు, బండి ఊగిసలాటకు పగిలిపోతుంది. సిలికాన్ కూడా వద్దు, రేపు మరమ్మతు చేయాలంటే పాత సిలికాన్ మీద కొత్తదేదీ సరిగా అంటుకోదు.

"కన్నం కొడతాను బాబూ, కారితే మాత్రం నన్ను తిట్టుకోవద్దు" అన్నాడు రణస్థలం దగ్గర షెడ్డులో మేస్త్రీ. సీలెంటు ఆరేదాకా రెండు రోజులు ఆగి, బాత్రూములో పాత దినపత్రిక పరిచి, కప్పు మీద నాలుగు బిందెలు పోశాం. పావుగంట తర్వాత పత్రిక చూస్తే ఒక మూల రూపాయి బిళ్లంత తడి. మేస్త్రీ ఏమీ అనలేదు. సీలెంటు గొట్టం చంకలో పెట్టుకుని మళ్లీ నిచ్చెన ఎక్కాడు.