డస్ట్‌బిన్ ఫెయిరింగ్‌తో ఏడేళ్లు

లెస్టర్‌లో స్థిరపడ్డాక కొనుక్కున్న పాత 350 సీసీ సింగిల్ సిలిండర్ రేస్ బండికి, 1950ల నాటి నమూనాలో ఫైబర్‌గ్లాస్‌తో చేసిన డస్ట్‌బిన్ ఫెయిరింగ్ (గాలి నిరోధాన్ని తగ్గించే తొడుగు) బిగించి ఏడేళ్లయింది. పాత బండ్ల పరేడ్లలో తప్ప దీనికి వేరే పని లేదు. ముందు చక్రాన్ని సైతం కప్పేసే ఈ తొడుగును మా ఇంట్లో మొదటి రోజు నుంచీ చెత్తడబ్బా అనే అంటున్నారు. ఇంగ్లీషు పేరుకూ అర్థం అదే కనుక నేను కాదనలేదు.

గాలి నిరోధాన్ని గెలవడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది కాబట్టి, ఇంజన్‌నే నమ్ముకుని గరిష్ఠ వేగాన్ని పదో వంతు పెంచాలంటే హార్స్‌పవర్ దాదాపు మూడో వంతు పెరగాలి. తొడుగు బిగించాక మాత్రం, ఇంజన్‌లో ఒక్క బోల్టు కూడా ముట్టుకోకుండానే, అంతవరకు పొడవాటి స్ట్రెయిట్‌లో నిమిషానికి 6,200 చుట్ల దగ్గర ఆగిపోయే టాకోమీటర్ (ఇంజన్ చుట్లు చూపే మీటర్) ముల్లు మొదటి రోజే 6,700 చేరేసరికి భయపడి థ్రాటిల్ వదిలేశాను. తర్వాత ఇంజన్ చుట్లు తగ్గడానికి గేర్‌బాక్స్ స్ప్రాకెట్‌ను (చైన్‌ను తిప్పే పళ్లచక్రాన్ని) ఒక పన్ను పెద్దది వేయవలసి వచ్చింది. 1950లోనే మాండెల్లో డెల్ లారియోలో సొంత విండ్ టన్నెల్ (గాలి ప్రభావాన్ని పరీక్షించే సొరంగం) కట్టుకున్న ఇటలీ మోటార్‌సైకిల్ కంపెనీ మోటో గుజ్జీ, తన ఇంజనీరు కార్కానో రూపొందించిన తేలికపాటి సింగిల్ సిలిండర్ బండ్లతో 1953 నుంచి 1957 దాకా వరుసగా ఐదుసార్లు 350 సీసీ ప్రపంచ టైటిల్ ఎలా గెలిచిందో ఆ రోజు నాకు చేతులతో తెలిసింది.

ఇబ్బందులూ ఉన్నాయి. ముందు టైరులో గాలి చూడాలన్నా తొడుగు విప్పాలి, హ్యాండిల్ పూర్తిగా తిరగదు, డ్రమ్ బ్రేకుకు గాలి చాలక నాలుగో ల్యాప్‌కే లివర్ మెత్తబడుతుంది. బ్రేకు సంగతి మాత్రం చిన్నది కాదు. డ్రమ్ముకు ఎదురుగా రెండు రంధ్రాలు కోసి జాలీ బిగించాకే కుదుటపడింది.

అసలు లోపం పక్కగాలి. ఈ తొడుగు పక్కభాగంలో ఎక్కువ వైశాల్యం ముందువైపే ఉండటం వల్ల, గాలి తోపు బండి బరువు కేంద్రానికి ముందు పడి ముక్కును పక్కకు తిప్పేస్తుంది. మూడో ఏట, ఒకప్పటి విమానస్థలం మీద వేసిన ట్రాక్‌లో, చెట్ల వరుస దాటి బయలులోకి రాగానే ఎడమవైపు నుంచి కొట్టిన ఒక్క గాలివిసురుకు నా బండి రెండు గజాలు జరిగి గడ్డి అంచు తాకింది. పడలేదు, కానీ ఆ రోజు మళ్లీ ఎక్కలేదు. 1957 సీజన్ తర్వాత అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సమాఖ్య ఎఫ్‌ఐఎం ముందు చక్రాన్ని కప్పే ఫెయిరింగ్‌లను నిషేధించడం అతిజాగ్రత్త అని అంతకుముందు వాదించేవాణ్ణి, ఇప్పుడు వాదించను.

అయినా అమ్మే ఉద్దేశం లేదు. ప్యాడక్‌లో (ట్రాక్ పక్కన బండ్లు సిద్ధం చేసుకునే చోట) కర్రకు ఒక గుడ్డపీలిక కట్టి చూస్తాను. అది వేలాడుతుంటే డస్ట్‌బిన్, లేచి రెపరెపలాడుతుంటే చక్రాన్ని బయటే వదిలే డాల్ఫిన్ ఫెయిరింగ్. ఒకటి విప్పి మరొకటి బిగించడానికి నలభై నిమిషాలు పడుతుంది.