పాయింట్ రేయెస్: లైట్‌హౌస్ ఒక్కటే చూసి వెనక్కి వచ్చేయకండి

శాన్ ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన సముద్రతీరంలో పాయింట్ రేయెస్ అని పెద్ద పార్కు ఉంది. బే ఏరియాలో ఉండే మనవాళ్ళని అక్కడికి వెళ్ళారా అని అడిగితే చాలామంది "ఆ, లైట్‌హౌస్ చూశాం, ఒకటే గాలి" అంటారు. ఫ్రీమాంట్ నుంచో శాన్ హోసే నుంచో టిఫిన్ చేసి బయల్దేరడం, మధ్యాహ్నానికి చేరడం, మెట్లు దిగి ఎక్కి ఫోటోలు దిగడం, చీకటి పడేలోపు ఇంటికి రావడం. రోజులో సగం కారులోనే పోతుంది. ఒక రాత్రి అక్కడే ఉండేట్టు పెట్టుకుంటే మాత్రం, మనకింత దగ్గర్లో ఇన్ని జంతువుల్ని ఒకేచోట చూపించే తీరం ఇంకోటి నాకైతే తెలీదు.

ఎప్పుడు వెళ్ళాలన్నది ముందు చెప్పాలి. సెలవులు కదా అని అందరూ జూలైలో వెళ్తారు. సరిగ్గా అప్పుడే అక్కడ ఏమీ కనిపించదు. తీరం వెంట సముద్రం అడుగు నుంచి చల్లటి నీళ్ళు పైకి వస్తాయి, వాటి మీదుగా వీచే గాలి పొగమంచు కడుతుంది. వేసవిలో లైట్‌హౌస్ దగ్గర నిలబడితే పక్క మనిషి కూడా మసగ్గా కనిపించే రోజులు ఎక్కువ. కాకపోతే చేపలకీ, చేపల్ని తినే పక్షులకీ, సీల్స్‌కీ తిండి పెట్టేది కూడా ఆ చల్లటి నీళ్ళే. మేం జనవరి చివర్లో వెళ్ళాం. విశాఖ నుంచి వచ్చిన అత్తయ్యగారు, మామయ్యగారు కూడా మాతో ఉన్నారు. ఆకాశం శుభ్రంగా ఉంది, చలి మాత్రం కోసేసింది.

మ్యాపులో చూస్తే ఈ నేల మొత్తం అమెరికాకి ఆలస్యంగా వచ్చి అతుక్కున్నట్టు ఉంటుంది. నిజంగానే ఇది వేరే భూఫలకం మీద ఉంది. శాన్ ఆండ్రియాస్ పగులు సన్నటి టొమాలెస్ బే కిందుగా పోతుంది. బే దాటి పడమటికి వెళ్ళామంటే పసిఫిక్ ఫలకం మీద ఉన్నట్టే. ఇక్కడి గ్రానైట్ రాయి దక్షిణాన చాలా దూరంలో పుట్టి, కోట్ల ఏళ్ళుగా ఉత్తరానికి జరుగుతూ వచ్చింది. బేర్ వ్యాలీ విజిటర్ సెంటర్ పక్కన ఎర్త్‌క్వేక్ ట్రైల్ అని చిన్న కాలిబాట ఉంది. 1906 భూకంపంలో సుమారు 16 అడుగులు పక్కకి జరిగిపోయిన కంచెని అక్కడ అలాగే కట్టి చూపిస్తారు. చదునైన దారి, అరగంట పని, పెద్దవాళ్ళకి ఇబ్బంది ఉండదు. పార్కుకి ఎంట్రీ టికెట్ లేదు. బాత్రూములు, మ్యాపులు, సిగ్నల్, అన్నీ ఇక్కడే చూసుకోండి. ఇన్వర్‌నెస్ అనే చిన్న ఊరు దాటాక ఫోన్ పనిచేస్తుందన్న నమ్మకం లేదు.

విజిటర్ సెంటర్ నుంచి లైట్‌హౌస్ ఉన్న కొండకొమ్ముకి ఇంకా 20 మైళ్ళు, ముప్పావు గంట. మేం వెళ్ళినప్పుడు దారికి రెండు వైపులా ఆవుల డెయిరీలు. 1962లో ఈ తీరాన్ని నేషనల్ సీషోర్‌గా, అంటే కేంద్రం కాపాడే తీరంగా, ప్రకటించాక ఈ పొలాల్ని ప్రభుత్వం కొని, పాత కుటుంబాలకే లీజుకిచ్చింది. నీళ్ళు పాడవుతున్నాయనీ, జింకలకి మేత లేకుండా పోతోందనీ ఏళ్ళ తరబడి కేసులు నడిచాయి. చివరికి 2025 జనవరిలో కుదిరిన ఒప్పందంలో చాలా డెయిరీలు, పశువుల పొలాలు ఖాళీ చేయడానికి ఒప్పుకున్నాయి. మేం చూసిన పాక, పచ్చిక, పేడవాసన మీరు వెళ్ళేసరికి ఉండకపోవచ్చు.

లైట్‌హౌస్ సంగతి. 1870లో కట్టారు. కొండ 600 అడుగుల ఎత్తు, కానీ దీపం పెట్టింది అందులో సగానికన్నా కిందే, పొగమంచు ఎక్కువగా పైన పడుతుంది కాబట్టి. అందుకే పైకి ఎక్కే బదులు 313 మెట్లు కిందికి దిగాలి. లోపలి అద్దాల దీపం ఫ్రాన్స్‌లో 1867లో తయారైంది. అది తిరగడానికి గడియారం లాంటి యంత్రం ఉంది, దానికి రెండు గంటల ఇరవై నిమిషాలకోసారి కీ ఇవ్వాలి. 1975లో ఆటోమేటిక్ దీపం వచ్చేదాకా కాపలాదార్లు రాత్రంతా ఆ పని చేశారు. ఆ గాలిలో, ఆ చలిలో!

"మామయ్యగారూ, దిగడం తేలికే, ఎక్కేటప్పుడు మోకాళ్ళు పట్టేస్తాయండీ" అన్నాను. "సింహాచలం మెట్లు ఎక్కినవాణ్ణి, ఇదో లెక్కా అమ్మా" అని దిగేశారు. మధ్యమధ్యలో ఆగడానికి చోట్లున్నాయి, కూర్చోవచ్చు. అత్తయ్యగారు పైన చూసే చోటే ఉండిపోయారు. నిజానికి తిమింగలాల నీటి చిమ్ములు ఎక్కువ చూసింది ఆవిడే. అలాస్కా నుంచి మెక్సికోకి పిల్లల్ని కనడానికి వెళ్ళే గ్రే వేల్స్ జనవరి మధ్యలో ఇటుగా దక్షిణానికి పోతాయి, మార్చిలో తిరిగొస్తాయి. ఎత్తు నుంచి చూస్తేనే బాగా తెలుస్తుంది. కింద రాళ్ళ మీద పక్షులు, రాళ్ళకి పట్టిన నారింజ రంగు, బైనాక్యులర్స్ ఉంటే ఇవి బాగుంటాయి. లేకపోతే మెట్లు దిగనక్కర్లేదనే నా అభిప్రాయం. గాలి గంటకి 40 మైళ్ళు దాటితే మెట్లు మూసేస్తారు. మేం వెళ్ళినప్పుడు శుక్రవారం నుంచి సోమవారం వరకే తెరిచారు. పార్కింగ్ నుంచి అర మైలు నడక కూడా ఉంది.

సగం రోజే ఉంటే లైట్‌హౌస్ వదిలేసి చిమ్నీ రాక్ వెళ్ళండి. అదే కొమ్ముకి రెండో కొస, గాలి కొంచెం తక్కువ. పార్కింగ్ దగ్గర్నుంచి కొద్దిగా నడిస్తే ఎలిఫెంట్ సీల్స్‌ని పై నుంచి చూసే చోటు వస్తుంది. కనిపించే ముందే వినిపిస్తాయి. మగవి తల పైకెత్తి, ముందుకి వేలాడే తొండం లాంటి ముక్కుని నోట్లోకి వంచి, ధడ్ ధడ్ మని డోలు కొట్టినట్టు అరుస్తాయి. బరువు రెండు టన్నుల పైమాటే. ఒకటి అరవగానే ఇంకోటి వెనక్కి తగ్గితే సరే, లేకపోతే రెండూ రొమ్ములు ఢీకొట్టి మెడలు కొరుక్కుంటాయి. మేం చూసిన ఒక మగదానికి మెడంతా ఎర్రటి గట్టి చర్మం, పాత గాయాలు ఒకదాని మీద ఒకటి. అది ఆడవాటి మధ్యలోంచి ఒళ్ళంతా ఊగిస్తూ పరుగెత్తినప్పుడు నల్లటి పిల్లలు పక్కకి తప్పుకోవడానికి పడిన పాట్లు చూసి అత్తయ్యగారు "అయ్యో, తొక్కేస్తాడే వీడు" అని గట్టిగానే అరిచారు. నిజంగానే అలా నలిగి చనిపోయే పిల్లలు ఉంటాయట.

తల్లి దాదాపు నాలుగు వారాలు ఏమీ తినకుండా పాలిస్తుంది. ఆ పాలలో సగానికి పైగా కొవ్వే. పిల్ల చూస్తుండగానే ఉబ్బిపోతుంది, తల్లి చిక్కి సముద్రంలోకి వెళ్ళిపోతుంది. టెలిస్కోప్ పెట్టి ఇవన్నీ వివరించిన వాలంటీర్ పెద్దావిడ అంత ఓపిగ్గా చెప్పింది కాబట్టే మేం గంటకి పైగా అక్కడే నిలబడ్డాం. 19వ శతాబ్దంలో నూనె కోసం వీటిని దాదాపు తుడిచిపెట్టేశారు. మెక్సికో దగ్గర ఒక ద్వీపంలో మిగిలిన కొద్ది సీల్స్ నుంచే ఇవన్నీ పెరిగాయి. ఇక్కడ మళ్ళీ పిల్లల్ని కనడం మొదలైంది 1981లోనే. 2019 జనవరిలో ప్రభుత్వ షట్‌డౌన్ వల్ల పార్కు సిబ్బంది లేనప్పుడు డ్రేక్స్ బీచ్‌ని ఆక్రమించేశాయి, పార్కింగ్ దాకా వచ్చాయి. ఇప్పుడు ఆ బీచ్ దగ్గర కూడా చలికాలంలో కనిపిస్తాయి. నడవలేని పెద్దవాళ్ళుంటే అదే మేలు.

సముద్రం కనపడగానే ప్యాంటు మడిచి నీళ్ళలోకి దిగడం మనకి అలవాటు. పడమటి వైపు నార్త్ బీచ్, సౌత్ బీచ్‌లలో ఆ పని చేయొద్దు. చిన్న అలల మధ్య చెప్పాపెట్టకుండా పెద్ద అల వచ్చి లాగేస్తుంది. బోర్డులు ఊరికే పెట్టలేదు.

ఉత్తరాన టొమాలెస్ పాయింట్ ఇంకో ప్రపంచం. కాలిఫోర్నియాలో మాత్రమే ఉండే టూలీ ఎల్క్ జింకలు అంతరించాయనుకున్నాక కొన్ని బతికి దొరికాయి. వాటి సంతతిలో పదింటిని 1978లో ఇక్కడ వదిలారు. ఏళ్ళ తరబడి వాటిని ఆపిన కంచెని 2024 డిసెంబర్‌లో తీయడం మొదలుపెట్టారు. పాత పియర్స్ పాయింట్ పాడి పొలం నుంచి కొస దాకా వెళ్ళి రావడం తొమ్మిది మైళ్ళ పైనే, నీడ లేదు. మేం రెండు మైళ్ళు నడిచి వెనక్కి తిరిగాం, మంద కనిపించేసింది. జత కట్టే కాలం ఆగస్టు నుంచి అక్టోబర్, ఆ పిలుపులు వినాలంటే అప్పుడు రావాలి. ఇక ఇన్‌స్టాగ్రామ్‌లో తెగ తిరిగే సైప్రస్ చెట్ల సొరంగం పది నిమిషాల పని.

బస విషయం కాస్త చేదు. పార్కు లోపల హోటల్ లేదు. లిమంటూర్ దారిలో ఒక హాస్టల్ ఉంది, వంటగది వాడుకోవచ్చు, కుర్రాళ్ళకి అదే చవక. క్యాంప్‌గ్రౌండ్లకి నడిచే వెళ్ళాలి, కారు పక్కన టెంట్ వేయాలంటే బయట ఉన్న శామ్యూల్ పి. టేలర్ స్టేట్ పార్కుకి పోవాలి. మేం ఇన్వర్‌నెస్‌లో ఒక చిన్న సత్రం లాంటి దాంట్లో ఉన్నాం. శనివారం కలిసొస్తే రెండు రాత్రులకి తక్కువ ఇవ్వమన్నారు, గది మేడ మీద, లిఫ్ట్ లేదు, హీటర్ రాత్రంతా టకటకమంది. అంత డబ్బుకి కనీసం రెండో దుప్పటి అడక్కుండా ఇవ్వొచ్చు. కిటికీలోంచి బే మాత్రం బాగా కనిపించింది. పెద్దవాళ్ళతో వెళ్తే బుక్ చేసే ముందు కింది అంతస్తు గది ఉందా అని అడగండి.

తిండికి పాయింట్ రేయెస్ స్టేషన్ ఊరే దిక్కు. బేకరీ బాగుంది, చీజ్ ఈ ప్రాంతానికి పేరు. బే అవతల మార్షల్‌లో పచ్చి ఆయిస్టర్లకి జనం బారులు తీరతారు. మా ఇంట్లో శాకాహారులు కాబట్టి పులిహోర, చపాతీలు పట్టుకెళ్ళాం. లైట్‌హౌస్ వైపు కొనుక్కోవడానికి ఏమీ దొరకదు, ఫ్లాస్కులో కాఫీ తప్పనిసరి. పెట్రోలు కూడా ఊళ్ళోనే కొట్టించుకోండి, ధర చూసి గుండె పట్టుకోకండి.

చలికాలం వారాంతాల్లో కొన్నేళ్ళు లైట్‌హౌస్‌కి కార్లు ఆపేసి షటిల్ బస్సులు నడిపారు, అందుకని బయల్దేరే ముందు పార్కు వెబ్‌సైట్ చూసుకోవాలి. తిరిగి వచ్చేటప్పుడు హైవే 1 అందంగా ఉంటుందని అటు తిప్పకండి, కారులో వాంతులయ్యేవాళ్ళు ఒక్కరున్నా ఆ మలుపులు భరించలేరు. శాన్ అన్సెల్మో మీదుగా వచ్చే సర్ ఫ్రాన్సిస్ డ్రేక్ రోడ్డే కాస్త నయం.