డెంగీలా కనిపించే కోతి జ్వరం: ఆర్‌టీపీసీఆర్ మేలా, ఐజీఎం ఎలైసా మేలా?

కర్ణాటకలోని శివమొగ్గ, ఉత్తర కన్నడ, చిక్కమగళూరు అడవి పల్లెల్లో డిసెంబరు నుంచి మే దాకా వచ్చే జ్వరాన్ని డెంగీ అనుకుని వదిలేయడం చాలా ప్రమాదం. అక్కడ క్యాసనూర్ అటవీ జ్వరం తిరుగుతుంటుంది. 1957లో సొరబ తాలూకా క్యాసనూరు అడవిలో కోతులు చచ్చిపడుతుంటే బయటపడిన వైరస్ అది. స్థానికులు ‘మంగన కాయిలె’ అంటారు, అంటే కోతి జ్వరం. దీనికి దోమతో సంబంధమే లేదు. గోమార్లు (కొన్నిచోట్ల పిడుదులంటారు) కుట్టడం వల్ల వస్తుంది, అందులోనూ ఇంకా ఎదగని చిన్న గోమార్ల వల్ల. అవి కంటికి ఆనవు. అందుకే ‘గోమారి కుట్టిందా?’ అని అడిగితే లేదనే జవాబు వస్తుంది. ‘ఈ పది రోజుల్లో కట్టెలకో ఎండుటాకులకో అడవికి వెళ్లారా? చుట్టుపక్కల కోతి ఏదైనా చచ్చిందా?’ అని అడగాలి. ఆ వైపు అడవుల్లో తిరిగి హైదరాబాద్ చేరాక జ్వరపడినవారినీ ఇదే అడగాలి.

ఉన్నట్టుండి జ్వరం, తట్టుకోలేని తలనొప్పి, ఒళ్లునొప్పులు, వాంతులు, ఎర్రబడ్డ కళ్లు. ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు రెండూ పడిపోతాయి. రక్తపరీక్ష కాగితం చూస్తే అచ్చం డెంగీయే. ఇక డెంగీ ఎన్‌ఎస్1 కార్డు నెగెటివ్ వస్తే ‘మామూలు వైరల్’ అని పంపేస్తారు. ఆ కార్డు వెతికేది డెంగీ ప్రొటీన్‌ను మాత్రమే, కోతి జ్వరం గురించి అది ఏమీ చెప్పదు. డెంగీ ఐజీఎం (జబ్బు సోకాక ఒంట్లో ముందుగా పుట్టే యాంటీబాడీ) పాజిటివ్ వచ్చినా తొందరపడకూడదు. రెండు వైరస్‌లూ ఒకే ఫ్లావివైరస్ కుటుంబానివి కాబట్టి యాంటీబాడీ పరీక్షలు ఒక్కోసారి పొరబడతాయి.

అసలు పోటీ వైరస్ జన్యుపదార్థమైన ఆర్‌ఎన్‌ఏను వెతికే ఆర్‌టీపీసీఆర్‌కీ (పీసీఆర్), యాంటీబాడీని వెతికే ఐజీఎం ఎలైసాకీ మధ్యనే. జ్వరం మొదలై ఎన్నో రోజు అన్నదే తీర్పు చెబుతుంది.

మొదటి వారంలో పీసీఆర్‌కి సాటి లేదు. అప్పుడు రక్తంలో వైరస్ దండిగా ఉంటుంది, తొలి నాలుగు రోజుల్లో యాంటీబాడీలు ఇంకా కనిపించవు. మూడో రోజు రక్తాన్ని ఎలైసాకి పంపితే నెగెటివ్ రావడమే సహజం, దాన్ని నమ్మి రోగిని ఇంటికి పంపితే నష్టం. అయిదో రోజు నుంచి ఐజీఎం కనిపించడం మొదలవుతుంది, వైరస్ తగ్గుముఖం పడుతుంది. పదో రోజు దాటాక పీసీఆర్ నెగెటివ్‌కి విలువ లేదు, ఐజీఎం చూడాల్సిందే. అయిదు నుంచి పది రోజుల మధ్య వచ్చినవారికి ఒకే నమూనాతో రెండూ చేయించడం మేలు, ఖర్చు ఎక్కువైనా సరే.

ఎలైసాలో ఇంకో చిక్కుంది. ప్లేటు గుంటల్లో సీరం (గడ్డకట్టిన రక్తం నుంచి వేరయ్యే ద్రవం)లోని ఐజీఎంను పట్టి ఉంచి, దానిమీద వైరస్ యాంటిజెన్ (యాంటీబాడీ అతుక్కునే వైరస్ భాగం), ఆపై ఎంజైమ్ తగిలించిన యాంటీబాడీ వేసి కడుగుతారు. రంగు ద్రావణం పోయగానే పాజిటివ్ గుంట నీలంగా మారుతుంది, ఆమ్లం చుక్క పడగానే పసుపవుతుంది. కడగడం సరిగా లేకపోతే నెగెటివ్ గుంటా లేత పసుపుకి తిరుగుతుంది, అలాంటప్పుడు ప్లేటు మొత్తం మళ్లీ చేయాలి. పైగా ప్లేటులో 96 గుంటలుంటాయి. ఒకటి రెండు నమూనాల కోసం తెరవలేక లేబొరేటరీలు మరికొన్ని వచ్చేదాకా ఆగుతాయి. ఐజీఎం నెలల తరబడి ఉండొచ్చు కాబట్టి, ఆ ఊళ్లలో పాజిటివ్ అంటే పాత జబ్బూ కావచ్చు. 10–14 రోజుల తేడాతో రెండో నమూనా తీసి, యాంటీబాడీ స్థాయి పెరిగిందో లేదో చూస్తే అనుమానం తీరుతుంది.

అడవి పక్క ఆస్పత్రులకు మూడో దారి ట్రూనాట్. బ్యాటరీతో నడిచే చిన్న యంత్రం, చిప్‌మీద పీసీఆర్. పెద్ద లేబొరేటరీ దాకా నమూనా ప్రయాణం చేయనక్కర్లేదు. మా లెక్కలో మొదటి వారం రోగికి అందుబాటులో ఉంటే ముందు ఇదే. వైరస్‌ను కణాల్లో పెంచి చూడటం మాత్రం సాధారణ లేబొరేటరీ పని కాదు, సిబ్బందికే సోకిన వైరస్ ఇది.

పరీక్ష కన్నా ముందే పని చెడేది నమూనా దగ్గర. 4–5 మిల్లీలీటర్ల రక్తం ఎర్రమూత ట్యూబులో తీసి, అరగంట గడ్డకట్టనిచ్చి, సీరం వేరుచేయాలి. పీసీఆర్‌కి ఊదామూత ట్యూబు కూడా పనికొస్తుంది. ఆకుపచ్చ మూత ట్యూబు వద్దు, అందులోని హెపారిన్ పీసీఆర్‌ను అడ్డుకుంటుంది. 2–8 డిగ్రీల చలిలో, మూడు పొరల ప్యాకింగ్‌లో శివమొగ్గ వైరస్ లేబొరేటరీకో పుణె ఎన్‌ఐవీకో (జాతీయ వైరాలజీ సంస్థ) పంపాలి. ఏప్రిల్ ఎండలో ఐస్ కరిగిన పెట్టెలో ఆర్‌ఎన్‌ఏ చెడిపోతుంది, అప్పుడు వచ్చిన నెగెటివ్‌ను నమ్మలేం. ఫారం మీద జ్వరం మొదలైన తేదీ తప్పక రాయాలి. అది లేకపోతే ఏ పరీక్ష చేయాలో, వచ్చిన ఫలితాన్ని ఎలా చదవాలో లేబొరేటరీకి తెలియదు.

కొందరిలో జ్వరం తగ్గి, ఒకటి రెండు వారాలు బాగుండి, మళ్లీ తిరగబెడుతుంది. ఈసారి మెడ బిగుసుకోవడం, వణుకు, మతి తప్పడం వంటివి కనిపిస్తాయి. ఆ సమయంలో రక్తాన్ని పీసీఆర్‌కి మాత్రమే పంపితే నెగెటివ్ వచ్చి దారి తప్పుతుంది. ఐజీఎం అడగాలి, మొదటి జ్వరం తేదీని కూడా ఫారంలో రాయాలి. ఫలితం వచ్చేదాకా జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే. రక్తస్రావం భయం ఉంది కాబట్టి ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ వేయకూడదు.