కోత మిషన్‌కు జీపీఎస్: మ్యాప్ మీద చుక్క ఒక్కటే చాలదు

నిడమనూరు, హాలియా, త్రిపురారం వైపు సాగర్ ఎడమ కాలువ కింద వరి అంతా ఇంచుమించు ఒకేసారి కోతకొస్తుంది. ఆ రోజుల్లో కోత మిషన్ ఉన్నవాడి ఫోన్ ఆగదు. "అన్నా, మిషన్ ఏడిదాక వచ్చింది?" అని అడగని రైతు ఉండడు. ఎందుకడగరు? మబ్బు పట్టిందంటే నిలబడ్డ పంట ఎక్కడ పడిపోతుందోనని టెన్షన్. మిషన్ వచ్చే టైముకు ట్రాక్టర్ మాట్లాడుకోవాలి, టార్పాలిన్ పట్టాలు తెచ్చుకోవాలి. వడ్లు కొనే ఐకేపీ సెంటర్లో తేమ 17 శాతం దాటితే వడ్లు తీసుకోరు కాబట్టి ఆరబోయడానికి జాగా కూడా ముందే చూసుకోవాలి. మా చైన్ మిషన్‌కు (టైర్లకు బదులు చైన్ల మీద నడిచే కోత మిషన్) జీపీఎస్ ట్రాకర్ పెట్టించింది డ్రైవర్ మీద నిఘాకు కాదు, ఆ ఫోన్లకు సరైన జవాబు చెప్పడానికే. వానాకాలం కోతలన్నీ దానితోనే నడిపాం.

పరికరం అరచేతిలో పట్టేంత ఉంటుంది. లోపల ఒక సిమ్, చిన్న బ్యాటరీ. ధర మూడున్నర వేల చిల్లర, పైన ఏడాదికోసారి రీఛార్జ్. బిగించే చోటు మాత్రం దగ్గరుండి చూసుకోవాలి. మెకానిక్ దాన్ని బ్యాటరీ పక్కన ఇనుప రేకు కింద పెట్టబోయాడు. అక్కడ ఆకాశం కనబడదు, శాటిలైట్ సిగ్నల్ సరిగా అందదు. పైగా పొట్టు, వేడి, అదురు. నేను క్యాబిన్ పైన ఫైబర్ కప్పు కింద పెట్టించి, ఇగ్నిషన్ వైర్ ఊడకుండా ట్యాగులు వేయించాను. సీజనంతా కదల్లేదు.

ట్రాకర్ యాప్‌లో నాకు బాగా నచ్చింది లైవ్ లింక్. ఆ లింక్ ఎన్ని గంటలు పనిచేయాలో పెట్టి వాట్సాప్‌లో పంపితే చాలు, రైతు వేరే యాప్ ఏదీ వేసుకోనక్కర్లేదు. ఊళ్లో ఒక్కరి దగ్గర స్మార్ట్‌ఫోన్ ఉన్నా పదిమందికి కబురు అందుతుంది. మా పంజాబీ డ్రైవర్‌కు ముందే చెప్పి పెట్టాం. మిషన్ మీద ఉండగా ఫోన్లు తగ్గాయని అతనికే ఎక్కువ సంతోషం.

అయితే లింక్‌లో కనబడేది మిషన్ ఇప్పుడున్న చోటు చూపించే చుక్క మాత్రమే. త్రిపురారం దగ్గర కౌలు చేసే ఒక అక్క, చుక్క తన చేను పక్కనే ఉందని చూసి ట్రాక్టర్‌ను పిలిచేసింది. మిషన్ నిజంగానే పక్కన ఉంది, కానీ ఆ గట్టు అవతల ఇంకో రైతు మళ్లు నాలుగు మిగిలి ఉన్నాయి. ట్రాక్టర్ ఊరికే నిలబడింది, కిరాయి అక్క మీద పడింది. ఆ తర్వాత నేను యాప్‌లో పోయిన దారి చూపించే రూట్ ప్లేబ్యాక్ తీసి చూస్తే మిషన్ పోయిన గీతలన్నీ మడి మడికీ ఒత్తుగా కనబడుతున్నాయి. గీతలు పడ్డవి కోసినవి, ఖాళీగా ఉన్నవి కోయాల్సినవి. రైతుకు కావాల్సింది ఇదే. కానీ ప్లేబ్యాక్ ఓనర్ లాగిన్‌లో తప్ప లింక్‌లో రాదు. నేను స్క్రీన్‌షాట్ తీసి, "నీ ముందు ఇంక రెండు మళ్లున్నయ్ అక్కా" అని వాయిస్ పెట్టి పంపడం మొదలుపెట్టాను.

అమెరికాలో మిన్నెసోటాలో ఉండే మా చిన్నమ్మ కొడుకుతో ఈ మాట అంటే, అక్కడ మంచు మీద నడిపే స్నోమొబైల్ బండ్ల బాటల సంగతి చెప్పాడు. ఆ ఒక్క రాష్ట్రంలోనే 22 వేల మైళ్లకు పైగా బాటలు, ఎక్కువ భాగం చూసుకునేది స్థానిక క్లబ్బులే. బండ్లు తిరిగితిరిగి మంచు గుంతలు, దిబ్బలుగా మారుతుంది. ట్రాక్టర్ లాంటి గ్రూమర్ వెనక బరువైన చట్రం లాగుతూ దిబ్బల్ని కోసి, గుంతలు నింపి, అణగగొడుతుంది. బండ్లు తక్కువగా, చలి ఎక్కువగా ఉండే రాత్రిపూట ఎక్కువగా చేస్తారు, చదును చేసిన మంచు గట్టిపడటానికి కొన్ని గంటలు కావాలి కాబట్టి. చాలా క్లబ్బులు గ్రూమర్‌కు జీపీఎస్ పెట్టి, అది పోయిన బాటకు ఎన్ని గంటలైందో దాన్నిబట్టి మ్యాప్‌లో రంగు మారుస్తాయి. గ్రూమర్ ఎక్కడుందన్నది కాదు, ఏ బాట ఎప్పుడు చదునైందన్నది చూసుకుని జనం బయలుదేరతారు. మన కోతలకూ అచ్చంగా అలాంటి మ్యాపే కావాలి. డేటా ఎలాగూ పరికరం పంపుతూనే ఉంది, రైతుకు చూపించడమే మిగిలింది.

ఇంకొన్ని జాగ్రత్తలు. కృష్ణ ఒడ్డు ఊళ్లల్లో సిగ్నల్ పోతే పరికరం లెక్క దాచుకుని తర్వాత పంపుతుంది, అందాకా చుక్క పాత చోటే ఉంటుంది. కింద సన్న అక్షరాల్లో ఉండే చివరి అప్‌డేట్ టైము తప్పకుండా చూడాలి. మిషన్‌ను ట్రైలర్ మీద ఎక్కించి తీసుకుపోతే, ఇంజిన్ ఆఫ్‌లో ఉండి కదులుతోంది కాబట్టి ఎవరో లాక్కుపోతున్నారని అర్ధరాత్రి అలారం కొడుతుంది. ఎకరాల లెక్కకు దీన్ని నమ్మొద్దు. జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, చైన్ మిషన్ కోసే వెడల్పే రెండు మీటర్ల చిల్లర. గంటల కిరాయికి కూడా ఇంజిన్ ఆన్ టైము పట్టుకోవద్దు, ఊరికే తిరిగిన ఇంజిన్‌కు రైతు ఎందుకు డబ్బులివ్వాలి?

రెండు మూడు మండలాల్లో తిరిగే మిషన్ అయితే కళ్లు మూసుకుని కొనొచ్చు. సొంతూరు దాటని మిషన్‌కు అవసరం లేదు. కొనేముందు డీలర్‌ను ఒక్కటి అడగండి: షేర్ చేసే లింక్‌లో పోయిన దారి కూడా కనబడుతుందా అని. అది చూపించే యాప్ దొరికితే ఏడాది రీఛార్జ్ వెయ్యి ఎక్కువైనా నేను యాసంగి కోతలకు దానికే మారతాను.