నెల్లూరులో గినీ పిగ్స్ కొనేవాళ్లు ఒక్క నిమిషం ఇది చదవండి

నిన్న రాత్రి మా గినీ పిగ్ బుజ్జిగాణ్ణి పెరట్లో జామచెట్టు కింద పూడ్చిపెట్టాం. కోపం ఇంకా చల్లారలేదు. షాపు పేరు రాయను, నెల్లూరులో పిల్లల కోసం ఇలాంటివి కొన్నవాళ్లకి తెలిసిపోతుంది.

పాప పుట్టినరోజుకని పోయిన నెల కావలి నుంచి వెళ్లి జత తెచ్చాం, 1,600. ఏం పెట్టాలని రెండుసార్లు అడిగాను. "కుందేళ్ల దాణా చాలమ్మా, పచ్చిది పెడితే విరేచనాలు పట్టుకుంటాయి" అన్నాడు షాపువాడు. పాప ఓసారి కొత్తిమీర పెట్టబోతే నేనే లాగేసుకున్నాను.

మూడో వారానికి బుజ్జిగాడు వెనక కాళ్లు ఈడ్చడం మొదలుపెట్టాడు. దాణా కవరు చప్పుడైతే కీచుమంటూ ఎదురొచ్చేవాడు, మూలలోంచి కదల్లేదు. ఎత్తుకోబోతే అరుపు. చిగుళ్ల దగ్గర రక్తం. డాక్టరుగారు కీళ్లు నొక్కి చూసి స్కర్వీ అన్నారు, విటమిన్ సి అందక వచ్చే జబ్బు. కుందేలు ఒంట్లో విటమిన్ సి దానంతటదే తయారవుతుంది. వీటికి మనలాగే తిండిలోంచి రావాల్సిందే, కిలో బరువుకి రోజూ 10 నుంచి 30 మిల్లీగ్రాములు. "ఇంట్లో జామకాయ కూడా లేదా అమ్మా?" అని అడిగారు. మా చెట్టు కాయలు రాలి మట్టిలో కలుస్తున్నాయి. ఇంజెక్షన్లు చేయించినా రెండో రోజుకి పోయాడు.

ఇవాళ పొద్దున షాపుకి వెళ్లాం. డబ్బుల కోసం కాదు. అక్కడ ఇంకా ఏడెనిమిది ఉన్నాయి, వాటికైనా పచ్చిది పెట్టమని చెబుదామని. ఫోన్లోంచి తల కూడా ఎత్తలేదు. "ఏందమ్మా, 800 ఎలుకకి ఇంత రచ్చా? ఇంకోటి తీసుకుపో" అంటూ బోనులో చెయ్యి పెట్టి, ఒకదాన్ని మెడ పట్టుకుని పాప మొహం ముందు ఆడించాడు. అది కాళ్లు కొట్టుకుంటోంది. పాప నా చున్నీలో మొహం దాచుకుని "వాడికి పేరుంది అంకుల్" అంది. నవ్వాడు. ఆ నవ్వు ఇంకా నా చెవుల్లోనే ఉంది. ఒక్క మాట అనలేక బిడ్డని తీసుకుని బయటికొచ్చేశాను. కావలి దాకా బస్సులో పాప నోరు విప్పలేదు.

రెండూ మగవే అని కూడా చెప్పాడు. మిగిలింది ఆడది, కడుపుతో ఉండొచ్చంటున్నారు డాక్టరుగారు. రెండు నెలలకి పైనే మోస్తాయట.

మిక్సీ కొనాలన్నా నలుగుర్ని అడుగుతాను. రెండు ప్రాణాల్ని ఇంటికి తెస్తూ అమ్మేవాడొక్కడి మాట నమ్మాను. ఆ తప్పు నాదే.

కొనేవాళ్లు దాణా ఒక్కటే పెట్టకండి. ఎండుగడ్డి ఎప్పుడూ ఉండాలి, పళ్లు పెరుగుతూనే ఉంటాయి కాబట్టి నమిలి అరగాలి. రోజూ కాప్సికం ముక్క, అప్పుడప్పుడు కాస్త జామ. ఆడో మగో డాక్టరుకి చూపించుకోండి. మన ఎండలు వీటికి పడవు, రేకుల కింద అసలు ఉంచొద్దు.

ఇందాక జామ ముక్క పెడితే మిగిలింది తొక్కతో సహా తినేసింది.